కుడివైపు ఎర్రగీత

కోర్ షెడ్డులో గవ్వలక్క మాటకు తిరుగు లేదు. ఇంజనీరు అంతటివాడు కూడా గుమ్మం దగ్గర బూట్లు దులుపుకునే లోపలికి వచ్చేవాడు. ఆమె పెట్టిన చట్టాలు చాలానే ఉండేవి గాని, అన్నిటికన్నా పెద్దది ఒకటే. రాతికి కుడివైపు ఎర్రగీత, ఎడమవైపు నల్లగీత.

ఆ కొండ కింద మంచినీళ్ళ సొరంగం తవ్వుతున్నారు. తవ్వబోయే ముందు కొండ కడుపులో ఏముందో తెలియాలి కదా. అందుకని పైనుంచి అక్కడొకటి ఇక్కడొకటి నిలువునా బోర్లు వేసి, రాతిని మణికట్టంత లావు కడ్డీలుగా బయటికి లాగారు. ఆ కడ్డీలనే కోర్లంటారు. కోరు బయటికి రాగానే తడి తుడిచి, పైకొనను పైకే పట్టుకుని, పొడవునా రెండు గీతలు గీయాలి. ఎర్రది కుడివైపు. ఇక ఆ రాయి ఎన్ని ముక్కలైనా, ఎవరి చేతుల్లో పడినా, భూమిలో ఉన్నప్పుడు ఏ కొన పైన ఉండేదో ఏది కింద ఉండేదో గీతలే చెబుతాయి. గీతల్లేని కోరును గవ్వలక్క కన్నెత్తి చూసేది కాదు. "దీనికి తల ఏదో కాళ్ళేవో దీనికే తెలీదు. నాకేం చెబుతుంది?" అని పక్కన పడేసేది.

ఆ పేరు ఆమెకు కూలీలు పెట్టారు. రాతిముక్కను కాగితమంత పల్చగా అరగదీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో రాయైపోయిన గవ్వల్ని చూసి రాతి వయసు చెప్పడం ఆమె పని. పాతికేళ్ళుగా అదే పని. మెడ ముందుకు వంగిపోయింది, ఎడమకన్ను ఎప్పుడూ సగం మూసుకునే ఉండేది, నోరు మాత్రం పూర్తిగా తెరుచుకునే ఉండేది.

సొరంగంలో మేస్త్రీ ఆమె తమ్ముడే. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, ఆమెకు పద్దెనిమిది. పెళ్ళి మాటెత్తినవాళ్ళను కసిరి పంపించి వాణ్ణి పెంచింది. బాగానే పెంచింది, ఒక్క విషయంలో తప్ప. వాడు ఎదురింటి కిటికీ అద్దం పగలగొడితే తనే పగలగొట్టానని చెప్పేది. వాడు బడి ఎగ్గొడితే వాడికి జ్వరమని చెప్పేది. తర్వాత వాణ్ణి వంటింట్లోకి పిలిచి నాలుగు తగిలించేది గాని, ఊళ్ళో వాడి మీద మాట పడనిచ్చేది కాదు. నలభై రెండేళ్ళొచ్చి, పెళ్ళాం ఉండి, పద్దెనిమిది మంది మీద పెత్తనం చేస్తున్నా వాడికి అక్క అంటే ఇంకా ఆ వంటింటి భయమే, ఆ వంటింటి ధైర్యమే.

వచ్చేవారం సొరంగం చూడ్డానికి బడిపిల్లలు వస్తున్నారనీ, వాళ్ళ కోసం భూమి కథ ఒకటి గోడమీద పెట్టమనీ ఇంజనీరు అడిగాడు. "చిన్నదేదైనా చాలక్కా" అన్నాడు. గవ్వలక్కకు చిన్నది చేతకాదు. షెడ్డు పొడుగుగోడ మీద నలభై ఆరు అడుగుల చెక్కపట్టీ కొట్టించింది. అడుగుకు పదికోట్ల ఏళ్ళు. ఈ చివర భూమి పుట్టింది, ఆ చివర ఇవాళ.

సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన తమ్ముడు పట్టీ వెంట నడిచి చూశాడు. మొదటి పది అడుగులు నిప్పు, పొగ, ఉడుకునీళ్ళు. పదకొండో అడుగు దగ్గర ఆమె మొదటి ప్రాణం అని రాసింది. వాడు ఆత్రంగా ముందుకు కదిలాడు. పన్నెండు, ఇరవై, ముప్పై. అంతా ఖాళీ.

"ఏమైందక్కా? పుట్టిన ప్రాణం ఎటు పోయింది?"

"ఎటూ పోలేదు. పాచి. నలభయ్యో అడుగు దాకా కంటికి కనబడని పురుగులూ, పాచీ."

"ముప్పై అడుగులు పాచితోనే గడిపేసిందా? మా ఆఫీసు ఫైలు నయం."

ఆమె నవ్వాపుకుని వాడి నెత్తిన బ్రష్షుతో ఒకటి వేసింది. నలభై దాటాక గవ్వలు మొదలయ్యాయి. ఆ వెంటనే చేపలు, నేలమీద మొక్కలు, నాలుగు కాళ్ళవి. చివరికి రెండున్నర అడుగులు ఉందనగా పట్టీకి అడ్డంగా దట్టమైన నల్లగీత ఉంది.

"ఇదేంటి, రంగు ఒలికిందా?"

"ఒలకలేదు. అక్కడ అన్నీ చచ్చిపోయాయి. సముద్రంలో పదింట్లో తొమ్మిది రకాలు మళ్ళీ కనబడలేదు. నీళ్ళలో ఊపిరాడక పోయాయంటారు. ఆ నాటి బురదే మన కొండలో ఉన్న నల్లపొర."

నల్లపొర పేరెత్తగానే వాడి ముఖం విప్పారింది. ఆ పొరంటే సొరంగంలో అందరికీ హడలు. జానెడు మందమే గాని, సబ్బులా జారుతుంది. దాని కింద తవ్వితే పైకప్పు నిలవదు. పదో బోరు దగ్గర అది సొరంగానికి చాలా ఎత్తున ఉంది. పదకొండో బోరు దగ్గర సొరంగం నేలకు అరమీటరు కిందికి దిగిపోయినట్టు కాగితాల్లో ఉంది. అంటే ఆ రెంటి మధ్య ఎక్కడో సొరంగానికి అడ్డం రావాలి. దానికోసం పైకప్పును ఆపే ఉక్కు కమానులు మీటరుకొకటి నిలబెట్టుకుంటూ, ఇవాళ వస్తుంది రేపు వస్తుందని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తవ్వారు. అది రానేలేదు. పదకొండో బోరు దాటి ముప్పై మీటర్లు పోయారు.

"మధ్యలోనే పల్చబడి మాయమైపోయిందటక్కా. ఇంజనీరు చెప్పాడు. పోయినవారం పదకొండో బోరు దగ్గరికి వచ్చినప్పటినుంచి కమానులు నాలుగు మీటర్లకొకటే వేస్తున్నాం. పని పరుగెడుతోంది" అన్నాడు. తర్వాత పట్టీ చివరికి వెళ్ళి వెతికాడు. "మనమెక్కడ?"

ఆమె చెక్క అంచున గీసిన పెన్సిలు గీత చూపించింది. "మనుషులందరూ, మొదటినుంచీ, ఆ గీతలో ఉన్నారు."

"ఇంత చోటులో ఇంతమందిమి ఎలా ఇరుక్కున్నామో" అని వాడు నవ్వుకుంటూ ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున ఆమె పట్టీ మీద నల్లగీతకు అటూ ఇటూ అంటించడానికి నిజమైన రాతిచిప్పలు తీయాలనుకుంది. చావుకు ముందువి కొన్ని, తర్వాతవి కొన్ని. నల్లపొర చక్కగా పడింది పదకొండో బోరు కోర్లు పేర్చిన పద్నాలుగో పెట్టెలోనే. డెబ్భై ఎనిమిది నుంచి ఎనభై నాలుగు మీటర్ల లోతు. ఆరు వరసలు, వరసకో మీటరు. అప్పట్లో ఆ పెట్టెలో గవ్వలు ఎవరూ చూడలేదు. రాయి గట్టిదా మెత్తదా అన్నదే రాసుకున్నారు. నల్లపొరకు అటూ ఇటూ ఉన్న బూడిదరంగు సున్నపురాయి మామూలు కంటికి ఒకేలా ఉంటుంది.

పొరకు పైనున్న ముక్కలోంచి చిప్ప కోసి, అరగదీసి, అద్దం కింద పెట్టింది. చావు తర్వాతి రాయి గనక అందులో పల్చటి బీద ఆల్చిప్పలు రెండో మూడో ఉండాలి. చూస్తే గోధుమగింజలు. అవి గింజలు కావు, గోధుమగింజ ఆకారంలో ఉండే గవ్వలు. కోట్ల ఏళ్ళు సముద్రాన్ని ఏలి, ఆ నల్లబురద నాడు ఒక్కటి మిగలకుండా పోయినవి. ఇక్కడ చూస్తే కిక్కిరిసి ఉన్నాయి.

చిప్పలు మారిపోయాయేమో అనుకుంది. ఇంకొకటి కోసింది. మళ్ళీ గోధుమలే. పొరకు కింది ముక్కలోంచి కోసింది. అందులో పల్చటి ఆల్చిప్పలు, రెండో మూడో.

చచ్చినవి తిరిగి రావు. ఆమె ఉద్యోగమంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తోంది. పోయిన రకం పోయినట్టే, ఆ పై పొరల్లో ఎన్ని మైళ్ళు వెతికినా దొరకదు. గోధుమలు పైన, ఆల్చిప్పలు కింద ఉన్నాయంటే భూమి తప్పు కాదు. పెట్టె తలకిందులుగా ఉంది.

 బోరు కాగితం తీసి లెక్క వేసింది. కాగితంలో నల్లపొర ఎనభై మూడు మీటర్ల దగ్గర. పెట్టెను తిరగేస్తే డెబ్భై తొమ్మిది. సొరంగం పైకప్పు డెబ్భై తొమ్మిదిన్నర. పొర మాయమైపోలేదు. పదకొండో బోరు దగ్గర మనుషుల నెత్తికి అరమీటరు పైన నక్కి ఉంది. దాని కింద నాలుగు మీటర్లకొక కమాను.

గీతల్లో ఎర్రది కుడివైపే ఉంది. అవి తన గీతలే. ముక్కను వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. కుడిగీత ఎరుపు కింద నలుపు కనబడింది. అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట ఆ రోజు కొండమీద బోరు దగ్గర ఎర్రరంగు అయిపోయింది. రాయి ఆగదు, ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తోంది. రేపు రంగు రాగానే కుడిదాని మీద ఎర్రగా దిద్దుకుంటానులే అని ఆ పెట్టెకు రెండు గీతలూ నల్లవే గీసింది. పాతికేళ్ళలో ఒక్కరోజు తన చట్టం తనే తప్పింది. మర్నాడు షెడ్డులో పెట్టె ఎలా ఉంటే అలాగే, కుడివైపు ఎర్రగా దిద్దేసింది.

ఎడమవైపు నల్లగీత మీద ఒకచోట రంగు అలికినట్టుంది. అద్దం పెట్టి చూసింది. బొటనవేలి ముద్ర. రంగు ఆరకముందు గట్టిగా పట్టుకున్న వేలు. ముద్ర మధ్యలో ఏటవాలుగా ఒక గాటు. ఆ గాటును పదేళ్ళ పిల్లాడి వేలిమీద ఆమే కట్టు కట్టి మాన్పింది. ఆ రోజుల్లో కొండమీంచి పెట్టెలు దించే పని వాడిదే.

భోజనం వేళకు వాడు డబ్బా పట్టుకుని వచ్చాడు. ఆమె ముక్కను బల్లమీద పెట్టింది.

"ఈ పెట్టె పడేశావా?"

వాడు ముద్ర చూశాడు, అక్క ముఖం చూశాడు. డబ్బా మూత పెట్టేశాడు.

"చక్రం రాయెక్కిందక్కా. బండి ఒరిగింది. ముక్కలన్నీ కింద పడ్డాయి. విరిగిన అంచులు కలిపి చూసుకుంటూ వరసగా ఏరి పెట్టాను. రెండు గీతలూ నల్లవే, ఏది తలో ఎలా తెలుస్తుంది? సరిగ్గానే పెట్టాననుకున్నా."

"నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు తిడతావని."

నలభై రెండేళ్ళవాడి నోట ఆ మాట విని ఆమెకు ఏడవాలో కొట్టాలో తెలియలేదు. నల్లపొర ఎక్కడుందో చెప్పింది. 

"ఇంజనీరుతో చెప్పాలి. ఇప్పుడే" అంది.

"అక్కా, ఆగు. కాస్త ఆగు." వాడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు చెబితే ఇవాళే పని ఆపేస్తారు. తప్పు ఎవరిదంటారు. నా కింద పద్దెనిమిది మంది ఉన్నారు. వాళ్ళ ముందు వేరేవాళ్ళ నోటినుంచి ఈ మాట రావొద్దు. రేపు పొద్దున నేనే చెప్తా. నా నోటితో నేనే. ఈ ఒక్కపూటా ఊరుకో."

"ఈలోగా మనుషులకేమైనా అయితే?"

"ఆ చోట ఎవరూ ఉండరు. పనంతా ముప్పై మీటర్లు ముందుకు పోయింది కదా. రాకపోకలు ఆపించి, ఏదో మరమ్మతని చెప్పి సాయంత్రంలోగా అక్కడ కమానులు పెట్టించేస్తా. నువ్వు నా మాట ఎప్పుడు కాదన్నావక్కా?"

ఎప్పుడూ కాదనలేదు. అప్పుడూ కాదనలేదు. వాడు తనంతట తనే చెప్తానన్నాడు కదా, ఇన్నాళ్ళకు మగవాడిలా నిలబడతానన్నాడు కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. నిజానికి తన రెండు నల్లగీతల సంగతి కూడా ఒక్కపూట దాగుతుందన్న ఊరట లోపలెక్కడో ఉంది. ఆ ఊరటను ఆమె ఆ తర్వాత బతికినన్నాళ్ళూ క్షమించుకోలేదు.

"కూలబడి తిను ముందు" అంది. వాడు రెండు ముద్దలు తిని లేచిపోయాడు.

నాలుగు గంటలకు బల్లమీద గాజుపలకలు గలగలమన్నాయి. చప్పుడు వినబడలేదు, కాళ్ళ కింద నేల ఒక్కసారి బరువుగా కదిలి ఊరుకుంది. తర్వాత సొరంగం ప్రమాదపు కూత మొదలైంది, ఆగలేదు.

మనుషులు దుమ్ము కొట్టుకుని ఒక్కొక్కరే బయటికి వస్తుంటే ఆమె సొరంగం నోటి దగ్గర నిలబడి లెక్కపెట్టింది. పద్దెనిమిది మంది. మేస్త్రీ తమను కమానులు తేవడానికి బయటి గోదాముకు పంపాడనీ, తాము దారిలో ఉండగానే వెనక కూలిందనీ అన్నారు. ముందు తను వెళ్ళి పైకప్పు తట్టి చూస్తానని ఇనపకడ్డీ పట్టుకుని లోపలికి పోయాడట. తట్టితే గట్టిరాయి ఒకలా మోగుతుంది, బోలురాయి ఇంకోలా మోగుతుంది. ఆ చెవి వాడికి బాగా ఉంది.

రాళ్ళు తొలగించడానికి రెండు రోజులు పట్టింది. రాళ్ళలో కలిసి నల్లటి బురద మెరుస్తూ జారింది. ఇరవై అయిదు కోట్ల ఏళ్ళు కదలకుండా పడి ఉన్న బురద. వాణ్ణి బయటికి తెచ్చినప్పుడు బట్టలన్నిటికీ అదే అంటుకుని ఉంది. ఆమె కొంగుతో ముఖం తుడిచింది. పొర మీద పొర ఉంది, తుడిచినకొద్దీ వస్తూనే ఉంది.

మరదలు ఏడవలేదు. గుమ్మంలో కూర్చుని ఒకే మాట అడుగుతూ ఉంది.

"ఆయన అక్కడికెందుకు వెళ్ళాడు వదినా? పని అక్కడ లేదట కదా. అక్కడ ఎవరికీ పనే లేదట కదా."

గవ్వలక్క ఆమె తల నిమిరింది. ఎందుకు వెళ్ళాడో లోకంలో తెలిసింది తనొక్కదానికే. తను వాడికి చెప్పకపోయినా వాడు బతికి ఉండేవాడు, అందరికీ చెప్పినా బతికి ఉండేవాడు. వాడొక్కడికే చెప్పింది.

నాలుగోరోజు విచారణకు పిలిచారు. బల్లకు అటువైపు పైనుంచి వచ్చిన ముగ్గురు, ఇటువైపు ఇంజనీరు. అతని కళ్ళు వాచి ఉన్నాయి. మంచివాడు, కమానులు తగ్గించింది తానేనని ముందే రాసిచ్చేశాడు.

"పద్నాలుగో పెట్టె తలకిందులుగా ఉందని మీరే చూపించారు. అది ఎలా జరిగింది?" అని అడిగారు.

"నేనే తిరగేశాను. ఎర్రరంగు అయిపోయి రెండూ నల్లగీతలు గీశాను. ముక్కలు సర్దేటప్పుడు పొరపాటు పడ్డాను."

"పెట్టెను మోసింది మీ తమ్ముడట కదా?"

"మోశాడు. మోసినవాడు మోసినట్టే తెచ్చి ఇచ్చాడు."

"మరి ఆ రోజు అతను ఆ చోటికే ఎందుకు వెళ్ళాడు? అతనికి ముందే తెలుసా?"

ఇంజనీరు తలెత్తి ఆమెవైపు చూశాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"తెలీదు. పైకప్పు చప్పుడు తేడాగా వినబడి ఉంటుంది. మంచి మేస్త్రీ. చెవి బాగా ఉండేది."

రాసుకున్నారు. ఎదురింటి కిటికీ అద్దం మళ్ళీ పగిలింది తన చేతిలోనే. ఈసారి వంటింట్లోకి పిలిచి అడగడానికి వాడు లేడు.

ఉద్యోగం పోయింది. అది ఆమె ఊహించిందే. వెళ్ళేముందు పద్నాలుగో పెట్టెను సరిచేసి అప్పగించమన్నారు, కాగితం ప్రకారం ఆ పని ఆమే చేయాలి. షెడ్డులో ఎవరూ లేరు. బడిపిల్లలు రాలేదు, ఇక రారు. నలభై ఆరడుగుల పట్టీ గోడమీద అలాగే ఉంది, చివర పెన్సిలు గీతతో సహా.

ఆమె ఒక్కొక్క ముక్కనూ తీసి తిరగేసింది. చివరి వరస మొదటికి, మొదటిది చివరికి. రాయిని తిరగేస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. అందుకని తప్పు ఎర్రగీతల్ని ముందు నల్లగా దిద్దింది. తర్వాత ఎర్రరంగు డబ్బా మూత తీసింది. ఇన్నాళ్ళూ ఎడమవైపున ఉన్న నల్లగీత ఇప్పుడు కుడివైపుకు వచ్చింది. దాన్ని ఎర్రగా దిద్దాలి.

వరస వెంట బ్రష్షు నడుస్తూ వేలిముద్ర ముందు ఆగింది. కన్ను దగ్గరగా పెట్టింది. వేలిగీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి, మధ్యలో ఏటవాలు గాటు. నొప్పి పుట్టిందని ఏడుస్తూ వేలు చాపిన పిల్లాడు గుర్తొచ్చాడు. దాన్ని అలాగే వదిలేస్తే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అద్దం పెట్టి చూస్తారు. పెట్టెను పడేసింది ఎవరో తెలిసిపోతుంది. ఇలాంటివి చూడ్డం ఎలాగో నలుగురికి నేర్పింది తనే.

ఇంట్లో వాడి చొక్కాలున్నాయి, చెప్పులున్నాయి. వాడి చెయ్యి మాత్రం ఇదొక్కచోటే ఉంది.

బ్రష్షు రంగులో ముంచింది. గీతను చివరిదాకా లాగింది. ఎరుపు ఆరేదాకా పక్కనే కూర్చుంది. ఆరాక మళ్ళీ అద్దం పెట్టి చూసింది. ముద్ర కనబడుతూనే ఉంది, గాటుతో సహా. రెండో పూత వేసింది.